జానెడు వదిలిన తీగ

మధ్యప్రదేశ్ నుంచి విడిపోయి కొత్త రాష్ట్రం వచ్చిన తొలి నాలుగేళ్ళలో, భిలాయి పక్కన రిసాలి వైపు సైకిలు తొక్కినవాళ్ళకి, కల్వర్టు గోడల మీద, చెట్ల మొదళ్ళ మీద ఎర్ర రంగుతో రాసిన అంకెలు గుర్తుండే ఉంటాయి. ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా ముప్ఫై దాకా ఉండేవి. రోడ్డు వెడల్పు చేస్తారని కొందరు, గొట్టాలు వేస్తారని కొందరు అనుకున్నారు. పొలాలు పోతాయేమోనని ఆ దారిలోని ఉతాయి రైతులు కంగారుపడి సర్పంచి ఇంటికి కూడా వెళ్ళొచ్చారు. అవి రాసినవాడు ఏ ప్రభుత్వోద్యోగీ కాదు. ఉక్కు కర్మాగారంలో రిటైరై, రిసాలిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్న సొలొమోను.

సొలొమోనుది బొబ్బిలి దగ్గర పల్లె. ఇరవై అయిదేళ్ళప్పుడు మిషన్ బడి హెడ్మాస్టరు రాసిచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని భిలాయిలో రైలు దిగాడు. ఆ ఉత్తరం ఎవరూ అడగలేదు. చేతులు చూశారు, భుజాలు చూశారు, రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో వేడి రంపం దగ్గర నిలబెట్టారు. అక్కడే ముప్ఫై మూడేళ్ళు నిలబడ్డాడు.

వేడి రంపం దగ్గర పని చెప్పడానికి తేలిక. ఎర్రగా కాలుతున్న పట్టా రోలర్ల మీద ఉరుక్కుంటూ వస్తుంది, దాన్ని పదమూడు మీటర్ల ముక్కలుగా కొయ్యాలి. చిక్కల్లా ఒక్కటే. కాలిన ఇనుము సాగి ఉంటుంది, చల్లారితే ముడుచుకుంటుంది. వేడి మీద పదమూడుకి కోస్తే చల్లారాక పదమూడు రాదు. అందుకని జానెడు ఎక్కువ వదిలి కొయ్యాలి. ఆ జానెడు ఎంతన్నది కాగితాల్లో రాసే ఉంటుంది, కానీ సొలొమోనుకి కాగితం అక్కర్లేదు. పట్టా రంగు చూసి చెప్పేవాడు. "పొడుగైతే మళ్ళీ కొయ్యొచ్చు, పొట్టైతే స్క్రాపు," అన్నది అతని వేదవాక్కు. తన షిఫ్టులో ఒక్క పొట్టి పట్టా దొర్లలేదని చర్చిలో సాక్ష్యం చెప్పినంత గట్టిగా చెప్పుకునేవాడు.

మిల్లులో పట్టుకున్న అలవాటు ఇంటికి రాకుండా ఉంటుందా? రైలు పదింటికైతే ఎనిమిదింటికే స్టేషన్లో కూర్చునేవాడు. ఇద్దరికి వండమంటే ముగ్గురికి వండమనేవాడు. కొడుకు హార్వేకి పదో తరగతి దాకా ఒంటికి సరిపోయిన చొక్కా లేదు, అన్నీ ఒక సైజు పెద్దవే. "వాడు ఎదిగేసరికి చొక్కా చిరిగిపోతంది, ఏటి లాభం?" అని భార్య వెరోనికా ఎంత మొత్తుకున్నా వినలేదు.

రిటైరైన మర్నాడు కూడా అలవాటుకొద్దీ అయిదింటికే లేచి సైకిలు తీశాడు. గేటు దాకా వెళ్ళాక పాసు లేదని గుర్తొచ్చింది. కాపలావాళ్ళు తెలిసినవాళ్ళే, టీ తాగి వెళ్ళమన్నారు. సిగ్గేసి తాగకుండానే వెనక్కి తిరిగాడు. అయితే ఇంటికి పోబుద్ధి కాలేదు. హ్యాండిలు మరోదా చెరువు వైపు తిప్పాడు, అక్కణ్ణించి నేవయి, అక్కణ్ణించి ఉతాయి. తొమ్మిదింటికి ఇల్లు చేరి, "బ్రహ్మాండమైన రోడ్లు ఉన్నాయే ఈ ఊళ్ళో! ముప్ఫై మూడేళ్ళు గేటు రోడ్డొక్కటే సూసినాను," అన్నాడు భార్యతో.

నెల తిరిగేసరికి అతని వెనక అరడజను మంది పోగయ్యారు. అందరూ రిటైరైనవాళ్ళే, అందరికీ మోకాళ్ళ నొప్పులే. ఎంత తొక్కాం అన్న దగ్గర రోజూ తగాదా. ఒకడు పదిహేనంటే ఇంకొకడు ఇరవై అనేవాడు. రోడ్డు పక్క రాళ్ళు చూద్దామంటే అవి పాత మధ్యప్రదేశ్ నాటివి. కొన్ని ఒరిగిపోయాయి, కొన్నిటిని ఊళ్ళవాళ్ళు బట్టలుతుక్కోవడానికి పట్టుకుపోయారు. ఇక లాభం లేదని సొలొమోను తనే కొలవడానికి నడుం కట్టాడు.

అతని చేతికి తెలిసిన కొలత పదమూడు మీటర్లు. పదమూళ్ళు డెబ్భై ఏడు వేస్తే వెయ్యిన్నొకటి. ఆ ఒక్క మీటరూ వంకర నడకకి పోతుందనుకుంటే, డెబ్భై ఏడు తీగలు ఒక కిలోమీటరు. పవర్ హౌస్ బజార్లో జింకు పూత వేసిన సన్న తీగ చుట్ట కొన్నాడు. తాపీమేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చి, వీధిలో తీగ చాచి, పదమూడు దగ్గర సున్నంతో గుర్తు పెట్టి, కట్టర్‌తో కోశాడు.

తప్పు జరిగింది ఇక్కడే. దాచి ఊరించడం నా వల్ల కాదు గనుక చెప్పేస్తున్నాను. కోసేటప్పుడు అతని చెయ్యి సున్నపు గుర్తు మీదికి పోలేదు. గుర్తు దాటి జానెడు వదిలి కోసింది. ముప్ఫై మూడేళ్ళు రోజుకు వందలసార్లు చేసిన పనిని చెయ్యి తనంతట తనే చేసేసింది. సొలొమోను తీగ చుట్టుకుని, టేపు మేస్త్రీకి ఇచ్చేసి, కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

ఆ చలికాలమంతా మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే రోడ్డు కొలుస్తూ కనిపించేవారు. ముందు కొస సొలొమోనుది, వెనక కొస వెరోనికాది. ప్రతి తీగకీ ఆమె చీర కొంగులోంచి ఒక చింతగింజ తీసి డబ్బాలో వేసేది. డెబ్భై ఏడు గింజలు పడగానే అతను కుంచె తీసేవాడు. "పట్టాలేస్తారా సొలొమోను భయ్యా, మా ఇంటి ముందు స్టేషన్ పెట్టించు," అని టీకొట్టు దగ్గర వేళాకోళం చేసేవారు. "ముందు టికెట్టు తీసుకో," అనేవాడు అతను తీగ లాగుతూనే.

అలా మూడు దారులు తయారయ్యాయి. వాటికి మిల్లు భాషలోనే పేర్లు పెట్టాడు. పన్నెండు కిలోమీటర్లది జనరల్ షిఫ్టు. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ల మధ్య చెట్ల నీడన సివిక్ సెంటరు చుట్టి, మైత్రీబాగ్ జూ గోడ పక్కగా వచ్చేస్తుంది. బైపాసు ఆపరేషను అయినవాడు కూడా ఈలవేసుకుంటూ తొక్కొచ్చు. ముప్ఫైది ఫస్టు షిఫ్టు. రిసాలి చౌరస్తాలో మొదలై, నేవయి, ఉతాయి దాటి, పొలాల్లో పెద్ద చుట్టు తిరిగి, మరోదా చెరువు గట్టు మీద ముగుస్తుంది. ఎదురుగాలి ఉంటుంది, ఉతాయి దాటాక తారు చిట్లి గులకరాళ్ళు లేచి ఉంటాయి, చివరి గట్టు రోడ్డు మాత్రం అద్దంలా ఉంటుంది. బాలోద్ దగ్గరి తాండుల ఆనకట్టకి పోయేది డబుల్ డ్యూటీ. అది కొలిచేసరికి వెరోనికా చెప్పులు రెండు జతలు అరిగాయి. వాటికి మించి, ఇనప గనులున్న దల్లీ రాజహరా కొండల దారి ఒకటుంది. దానికి క్యాపిటల్ రిపేరు అని పేరు పెట్టాడు గానీ కొలవలేదు. ఫర్నేసును నెలల తరబడి ఆపి, ఇటుక ఇటుకా ఊడదీసి మళ్ళీ కట్టడాన్ని మిల్లులో అలా అంటారు. ఆ కొండలు ఎక్కినవాడికి తర్వాత అదే గతి అని అతని ఉద్దేశం.

అతని ముప్ఫైకీ, మిగిలి ఉన్న సర్కారు రాళ్ళకీ లెక్క కుదరలేదు. రాళ్ళ ప్రకారం చూస్తే అతని ముప్ఫై ముప్ఫైకి మించి వస్తోంది. "కాంట్రాక్టరు రాయి కాంట్రాక్టరులాగే ఉంటాది," అని కొట్టిపారేశాడు.

ఛాయ ఈ దారుల్లోకి వచ్చింది రెండువేల మూడు వేసవిలో. కూలీల బస్తీ క్యాంప్ 2లో ఉండే పైడమ్మ కూతురు. పైడమ్మది శ్రీకాకుళం వైపు. మొగుడు పోయాక ప్లాంటు క్యాంటీనులో కాంట్రాక్టు మీద గిన్నెలు కడుగుతుంది. ఛాయ పుట్టింది, చదివింది భిలాయిలోనే. తెలుగు మాట్లాడుతుంది గానీ సగంలో హిందీలోకి జారిపోతుంది. ఒకరోజు గట్టు మీద ఈ అరడజను ముసలివాళ్ళనీ పాత లేడీస్ సైకిలు మీద దాటేసి పోయింది. సొలొమోను నాలుగు కిలోమీటర్లు వెంటపడి, అందుకోలేక, టీకొట్టు దగ్గర ఆగి ఉంటే పట్టుకున్నాడు.

"ఎవల గుంటవే నువ్వు? ఏటా స్పీడు!" అన్నాడు రొప్పుతూ.

"కాలేజీకి లేటయింది తాతా," అంది ఆ పిల్ల.

వారం తిరక్కుండా అటక మీదున్న హార్వే పాత రేసర్ సైకిలు కిందికి దిగింది. సొలొమోను దాని గొలుసు కిరసనాయిలులో నానబెట్టి, కొత్త టైర్లు వేయించి, ఛాయ చేతికిచ్చాడు. కొడుక్కి ఇచ్చినప్పుడు కూడా అంత మురిసిపోలేదని వెరోనికా దెప్పింది.

వానలు వెళ్ళాక ఒక కాగితం చేతికొచ్చింది. కొత్త రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు పోవడానికి పద్దెనిమిది నిండని ఆడపిల్లల సైకిలు జట్టు కడుతున్నారు. డిసెంబరులో రాయ్‌పూర్ దగ్గర ఎంపిక. ముప్ఫై కిలోమీటర్లు యాభై నాలుగు నిమిషాల లోపు తొక్కగలిగినవాళ్ళే రావాలి. జట్టులో చోటొస్తే రేపు రైల్వేలో ఆటగాళ్ళ కోటా కింద ఉద్యోగం అడగొచ్చు. ఛాయకి జనవరిలో పద్దెనిమిది నిండుతాయి. అంటే ఈ ఒక్కసారే.

"తాతా, అయిపోతుందా?" అని అడిగింది.

"రోడ్డు నా దగ్గరుంది, కాళ్ళు నీ దగ్గరున్నాయి. ఇంకేటి కావాల?" అన్నాడు సొలొమోను.

వారానికి రెండుసార్లు ఫస్టు షిఫ్టు. ముందే గడియారాలు కలుపుకుని, సరిగ్గా ఆరింటికి ఛాయ చౌరస్తాలో బయల్దేరేది. ముప్ఫై ఏళ్ళ సర్వీసుకి ప్లాంటు ఇచ్చిన చేతిగడియారం పట్టుకుని అతను గట్టు మీద ముప్ఫై అంకె దగ్గర కూర్చునేవాడు. మొదట్లో యాభై తొమ్మిది నిమిషాలు పట్టింది. దీపావళికి యాభై ఆరు. నవంబరు చివరికి యాభై నాలుగు నిమిషాల యాభై సెకన్లు. అక్కణ్ణించి బండి నత్తనడక పట్టింది. నలభై సెకన్లకి వచ్చింది, ముప్ఫై ఒకటికి వచ్చింది. ఆ పైన ఒక్క సెకను కూడా తగ్గనని మొండికేసింది.

విచిత్రమేమిటంటే ఛాయ ఎక్కడ తగ్గుతుందో సొలొమోనుకి కళ్ళారా కనిపించేది. ఎదురుగాలిలో తగ్గదు, గులకరాళ్ళలో తగ్గదు. గట్టు ఎక్కాక, ముప్ఫై అంకె అర కిలోమీటరు ఉందనగా, పిల్ల ఒళ్ళు ఒక్కసారి వదిలేసేది. తల వాలిపోయేది, సైకిలు అటూ ఇటూ ఊగేది. "అంత దూరం వొచ్చీసి ఆకర్న ఏటిది? సివరి అర కిలోమీటర్లోనే పొట్టయిపోతన్నావు నువ్వు," అని కసిరేవాడు. ఆమె రోడ్డు మీద చతికిలబడి, వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, "పతా నహీఁ, ఏమో తాతా, అక్కడికొచ్చేసరికి అయిపోతోంది," అనేది.

డిసెంబరు మొదట్లో పక్క ఊరు దుర్గ్ నుంచి ఒక కుర్రాడు ఖరీదైన సైకిలు మీద వచ్చాడు. ముందు చక్రానికి దూరం చూపించే మీటరు ఉంది. ఛాయతో పాటు ముప్ఫై తొక్కి, ఆగి, మీటరు చూసి, "అంకుల్, ఇది ముప్ఫైన్నర చూపిస్తోంది," అన్నాడు హిందీలో.

సొలొమోను వంగి అతని టైరు నొక్కాడు. "గాలి తక్కువుంది. గాలి తక్కువైతే చక్రం చిన్నదవుతాది, మీటరు ఎక్కువ తిరుగుతాది. ఎల్లి గాలి కొట్టించుకో నాయనా," అన్నాడు.

ఆ పిల్లవాడు నవ్వి ఊరుకున్నాడు. ఛాయ మాత్రం తన చక్రం వైపూ అతని చక్రం వైపూ ఒకసారి చూసింది. సొలొమోను మాట మీద ఎంత గురి అంటే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎంపికకి ముందు ఆదివారం ఆఖరిసారి తొక్కింది. యాభై నాలుగు ముప్ఫై మూడు. సొలొమోను గడియారం జేబులో పెట్టుకున్నాడు. పిల్ల అంటే ప్రేమే. కానీ కొలత దగ్గర ప్రేమ ఏమిటని అతని నమ్మకం. లోపం ఉన్న పట్టాని ముచ్చటపడి పంపితే దాని మీద రైలు బోల్తా పడుతుంది.

"ఎల్లకు," అన్నాడు చివరికి. "అందరి ముందర తీసీసి పక్కన పెడతారు. అది బాగోదు."

"సగం నిమిషమే కదా తాతా. ఆ రోజు వచ్చేస్తుందేమో."

"నా రోడ్డు మీద రాంది ఆళ్ళ రోడ్డు మీద ఎలగొస్తాది?"

ఛాయ వెళ్ళలేదు. ఏడ్చిందో లేదో సొలొమోను చూడలేదు. జనవరిలో పద్దెనిమిది నిండాయి. పవర్ హౌస్ దగ్గర జిరాక్స్ షాపులో చేరిందని పైడమ్మ చర్చి ముందు కనిపించినప్పుడు చెప్పింది. గట్టు మీద మళ్ళీ ముసలివాళ్ళే మిగిలారు.

ఫిబ్రవరిలో నరసింగరావు వచ్చాడు. అదే మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు. కాకపోతే అతనిది అవతలి కొస. సొలొమోను వేడిగా కోసి పంపిన పట్టాల్ని, చల్లారాక కొలిచి ముద్ర కొట్టే ఇన్‌స్పెక్షను. రిటైరై విజయనగరం వెళ్ళిపోయినా జేబులో టేపు లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడు. వరండాలో కూర్చుని టీ తాగుతూ, మేకుకి వేలాడుతున్న తీగ చుట్ట చూశాడు.

"ఏట్రా అది?"

"నా పదమూడు మీటర్ల తీగ. ఊరంతా కొలిసింది అదే," అన్నాడు సొలొమోను గర్వంగా.

పాత అలవాటు ఊరుకోనివ్వదు కదా. నరసింగరావు తీగ దింపి, ఇంటి ముందు వీధిలో చాచి, జేబులోని చిన్న టేపుతో ముక్కలు ముక్కలుగా కొలిచాడు. ఒకసారి కొలిచి మళ్ళీ కొలిచాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఒరే సొలొమోనూ! పదమూడూ ఇరవై సెంటీలుందిరా ఇది. రంపం కొలత! నువ్వు పంపితే నా దగ్గరకొచ్చేసరికి సల్లారి పదమూడయ్యీది. ఈ తీగ కొన్నప్పుడే సల్లగుంది గదరా, ఇంకేటి సల్లారతాది?"

వెరోనికా కూడా నవ్వింది. సొలొమోను నవ్వలేదు. లోపలికి వెళ్ళి క్యాలెండరు వెనక లెక్క వేశాడు. కిలోమీటరుకి పదహారు మీటర్లు ఎక్కువ. ముప్ఫైకి నాలుగు వందల తొంభై రెండు. యాభై నాలుగు నిమిషాల ముప్ఫై ఒకటిలో ఛాయ తొక్కింది ముప్ఫై కాదు, దాదాపు ముప్ఫైన్నర. అదే ముప్ఫైకి వేస్తే యాభై మూడు నిమిషాల ముప్ఫై ఎనిమిది సెకన్లు. పెన్సిలు పక్కన పెట్టి మంచం మీద కూర్చుండిపోయాడు. చివరి అర కిలోమీటర్లో ఆ పిల్ల ఎందుకు వాలిపోయేదో అప్పుడు తెలిసింది. దాని ఒంటికి ముప్ఫై ఎక్కడో తెలుసు. తెలియంది తనకే.

విషయం విన్నాక నరసింగరావు నవ్వు ఆపేశాడు. "అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకురా? ఇప్పుడు సెప్పితే ఏటొస్తాది? ఆ గుంట మర్సిపోయుంటాది," అన్నాడు.  తీగ వెనక కొస పట్టుకుంది తనే కదా అని వెరోనికా బాధ వెరోనికాది.

సొలొమోను రెండు రోజులు సైకిలు తియ్యలేదు. పొడుగైతే మళ్ళీ కొయ్యొచ్చు అని జీవితమంతా అన్నవాడు, ఆ పిల్ల పదిహేడో ఏడుని మళ్ళీ ఎలా కొయ్యాలో తోచక కుమిలిపోయాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నరసింగరావు నాలుగు రోజుల్లో వెళ్ళిపోతాడు. తీగ పారేస్తే సరి. ఇవన్నీ ఆలోచించాడు, లేదని ఎందుకనాలి? మూడో రోజు ఆదివారం, చర్చి అవగానే తిన్నగా క్యాంప్ 2 వెళ్ళాడు.

పైడమ్మ ఇంటి గోడకి రేసర్ సైకిలు ఆనించి ఉంది. దానికి వెనక క్యారియరు, ముందు బుట్ట, పక్కన స్టాండు, హ్యాండిలుకి గంట బిగించి ఉన్నాయి. బుట్టలో టిఫిన్ డబ్బా ఉంది. సొలొమోను దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటన్నయ్యా, అలగ నిలబడిపోనావు? రా, కూకో," అంది పైడమ్మ.

"కూకోడానికి రాలేదమ్మా. ఛాయా, నీకో మాట సెప్పాలి. నా కొలత తప్పు."

ఛాయ చేతిలో చీపురు పక్కన పెట్టింది. అతను తీగ సంగతి, జానెడు సంగతి మొత్తం చెప్పాడు. ఎక్కడా మెత్తగా చెయ్యలేదు.

"అంటే నా టైము?"

"యాభై మూడు ముప్ఫై ఎనిమిది."

ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కేసింది. "ఎంపికలో ఫస్టు వచ్చిన అమ్మాయిది యాభై మూడు యాభై. పేపర్లో చూశాను."

సొలొమోను గుమ్మానికి చెయ్యి ఆనించాడు.

"మీటరున్న అబ్బాయి చెప్పాడు కదా తాతా."

"సెప్పినాడు."

"మీరు టైర్లో గాలి లేదన్నారు."

"అన్నాను."

పైడమ్మకి కోపం ఆగలేదు. "ఇప్పుడెందుకు సెప్పినావన్నయ్యా? మర్సిపోయి పన్లో పడ్డాది. మానిన పుండు మళ్ళీ రేపినావు. నీ మనసు తేలికవడానికి కాకపోతే మాకేటి ఒరిగింది?"

"తప్పు నాదని సెప్పకపోతే, తనదనుకుంటాది గదమ్మా," అన్నాడు సొలొమోను. చేతులు జోడించాడు. అంత పెద్దవాడు చేతులు జోడిస్తే పైడమ్మ ముఖం తిప్పుకుంది. ఛాయ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాటి నుంచి అతను దారులన్నీ మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు. నరసింగరావు ప్రయాణం వాయిదా వేసుకుని, ముప్ఫై మీటర్ల ఉక్కు టేపు కొని తెచ్చి, వెనక కొస పట్టుకున్నాడు. ముందు ఫస్టు షిఫ్టు. పాత అంకెల మీద తారు పూయడం, వెనక్కి జరిగి కొత్తవి రాయడం. మొదటి అంకె పదహారు మీటర్లు వెనక్కి జరిగింది, రెండోది ముప్ఫై మూడు. టీకొట్టు దగ్గర మళ్ళీ వేళాకోళం లేచింది. ఈసారి సొలొమోను తలొంచుకుని టేపు చాచాడు.

నాలుగో రోజు పొద్దున తొమ్మిదో అంకె రాస్తుంటే వెనక సైకిలు ఆగింది. ఛాయ. రేసరుకి క్యారియరు లేదు, బుట్ట లేదు, గంట కూడా లేదు. ఎవరితోనూ మాట్లాడకుండా నరసింగరావు చేతిలోంచి టేపు కొస తీసుకుంది. షాపు పదింటికి, తొమ్మిది దాకా కొలిచి వెళ్ళిపోయింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. "పట్టాను", "వదలండి" తప్ప వేరే మాట లేదు. నరసింగరావు ఊరికి వెళ్ళిపోయాడు. మిగిలింది ఇద్దరే.

రెండు వారాలకి గట్టు మీదకి వచ్చారు. కొత్త ముప్ఫై ఒక తూము గోడ మీద పడింది. సొలొమోను రంగు డబ్బా మూసి లేచేసరికి ఛాయ ముందుకి చూస్తోంది. గట్టు రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆ చివర, సొలొమోను వారానికి రెండుసార్లు గడియారం పట్టుకుని కూర్చున్న కల్వర్టు మీద, పాత ముప్ఫై ఎర్రగా చిన్నగా కనిపిస్తోంది.

"ఇంత దూరమా తాతా?" అంది ఛాయ.

అర కిలోమీటరు అని అతను కాగితం మీద వేసుకున్నాడే గానీ, ఇక్కడ నిలబడి అక్కడికి చూడలేదు. "అంత దూరమే," అన్నాడు.

ఇద్దరూ నడిచారు. ఏడు నిమిషాలు పట్టింది. కల్వర్టు దగ్గర అతను కుంచె తారులో ముంచి పాత అంకె మీద రెండు పూతలు పూశాడు. కళ్ళు తుడుచుకుంటే తారు చెంపకి అంటింది. ఛాయ చూసింది గానీ చెప్పలేదు.

"సీనియర్లకి నలభై కిలోమీటర్లట. మీ దగ్గర నలభై రోడ్డు ఉందా?" అని అడిగింది.

"లేదు. కొలుద్దామా? రేపట్నుంచే కొలుద్దాం," అన్నాడు సొలొమోను గబగబా. టేపు చుట్ట తీసి, ఎప్పట్లాగే అంకెలున్న ముందు కొస తన చేతిలోకి తీసుకోబోయాడు.

ఛాయ చెయ్యి చాచి దాన్ని ఆపింది. "అది నాకివ్వండి తాతా. అంకె నేను చదువుతాను. మీరు వెనక కొస పట్టుకోండి."

సొలొమోను టేపు ఆమెకిచ్చి, వెనక కొస అందుకున్నాడు.